ఎడమ భుజం మీద మట్టి

ఆ ఎర్ర రుమాలు ఇంకా అక్కడే ఉంది. పోయినవారం మనం దాన్ని ఎక్కడ వదిలి వచ్చామో అక్కడే, కరీంనగర్ తాలీంలో, అంటే కుస్తీ బడిలో, మట్టి గట్టు మీద, గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా గులకరాళ్లు పెట్టి ఉంది. కుస్తీ నేర్చుకునే కుర్రాళ్లు దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నారు. తాలీం పెద్ద అజీముద్దీన్ ఉస్తాద్ దాని వంక చూడటమే మానేశాడు. దాన్ని ఎత్తవలసిన పర్శరాములు అయితే ఈ వారం తాలీం గడపే తొక్కలేదు.

కొత్తగా మనతో కలిసినవాళ్ల కోసం ఆ రివాజేమిటో ఒక ముక్కలో చెప్పి ముందుకు పోదాం. ఖానాపూర్ జాతర దంగల్‌లో గెలిచినవాడి చేతికి వెండి కడెం తొడుగుతారు. ఓడినవాడు మళ్లీ తలపడాలనుకుంటే తన రుమాలును గెలిచినవాడి తాలీంకు పంపుతాడు. ఆ రుమాలు ఎత్తి ఒంటి మీద వేసుకుంటే కుస్తీ ఖాయం. ఎత్తకపోతే ఒకసారి ఊరుకుంటారు, రెండోసారి గొణుక్కుంటారు. మూడోసారి కూడా ఎత్తకుండా జుమ్మా, అంటే శుక్రవారం, దాటిందంటే మాత్రం కడెం తీసి రుమాలు పంపినవాడి చేతిలో పెట్టాలి, ఒంటికి మట్టి అంటకుండానే. ఈ రుమాలు ఇచ్చోడ పహిల్వాన్ కొండల్‌ది. రావటం ఇది మూడోసారి. జుమ్మా రేపే.

హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ముచ్చట పాతబడి, మాట్లాడుకోవడానికి ఏమీ లేక గోళ్లు గిల్లుకుంటున్న చాయ్ హోటళ్లకు పర్శరాములు దొరికాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క బైఠక్ తీయని మహానుభావులు కూడా కాళ్లు చాపుకుని కూర్చుని, అతను ఎందుకు భయపడుతున్నాడో ఒకరికొకరు విడమరచి చెప్పుకుంటున్నారు. క్షౌరశాల సాంబయ్య అయితే కత్తి నూరుతూ, "కడెం బరువైనట్టున్నదిరా, పహిల్వాన్‌కు చెయ్యి లేస్తలేదు" అన్నాడట. దుకాణం దుకాణమంతా ఘొల్లుమన్నదట.

సాంబయ్యకు తెలియకుండానే అతని నోట నిజం వచ్చింది. పర్శరాములు ఎడమ చెయ్యి నిజంగానే లేవడం లేదు. భుజం కీలు జారిపోయి, ఎక్కించి, మళ్లీ జారి, మళ్లీ ఎక్కించిన చెయ్యి అది. మగ్గం మీద కూర్చుంటే తెలియదు. తలపైకి ఎత్తి మెలితిప్పితే మాత్రం ఊడి చేతికి వస్తుంది. పహిల్వాన్ ఒంట్లో లోపం ఉంటే అది ఇంటి గుట్టు కంటే పెద్ద గుట్టు. ఆ గుట్టు తెలిసినవాళ్లు అతను కాక ముగ్గురే. కీలు ఎక్కించిన ఉస్తాద్. రాత్రిళ్లు వావిలాకు కాచి కాపడం పెట్టిన తల్లి దేవవ్వ. రోజూ నూనె పట్టించి మాలీష్ చేసిన జోడీ షరీఫ్. జోడీ అంటే ఒకే మట్టిలో చిన్నప్పటి నుంచి కలిసి పెరిగి, ఒకరి వీపు ఒకరికి అప్పజెప్పుకున్నవాడు.

రెండేళ్ల కిందట ఖానాపూర్‌లో దంగల్ మొదలవుతూనే కొండల్ చెయ్యి తిన్నగా ఆ ఎడమ భుజం మీదికే వచ్చింది. అటు తిరిగినా అదే, ఇటు తిరిగినా అదే. ఎవరో చెప్పకుండా ఏ పహిల్వానూ అలా వెతుక్కుంటూ రాడు. చివరికి పట్టు దొరికింది, చెయ్యి వెనక్కి తిరిగింది, పర్శరాములుకు కళ్లు బైర్లు కమ్మాయి. అప్పుడు ఏమైందో జనానికి ఇప్పటికీ తెలియదు. కొండల్ పట్టు వదిలేశాడు. జారిపోలేదు, వదిలేశాడు. మరుక్షణం పర్శరాములు అతన్ని వెల్లకిలా పడేసి రెండు భుజాలూ మట్టికి తాకించాడు. డప్పులు మోగాయి. కడెం చేతికెక్కింది.

ఆ కడెం వేసుకున్న చేత్తోనే, తిరిగివచ్చిన మర్నాడు, షరీఫ్‌ను గల్లా పట్టి తాలీం గడప బయటికి నెట్టాడు. ఉస్తాద్ చెప్పడు, తల్లి చెప్పదు, ఇంక మిగిలింది ఎవరు? షరీఫ్ ఖురాన్ మీద ఒట్టేస్తానన్నాడు. పర్శరాములు వినలేదు. షరీఫ్ ఊరు విడిచి మంథనిలో కలప డిపోలో దుంగలు మోస్తున్నాడని ఎవరో చెప్పగా విన్నాడు, వినీ ఊరుకున్నాడు.

రుమాలు ఎత్తకపోవడానికి కారణం ఇది. కొండల్ అంటే భయమా అంటే, ఉంది. లేదనడం అబద్ధం. కానీ ఎదుటివాడి భయం కంటే వెనకవాళ్ల భయం ఎక్కువైంది. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాడే అమ్ముకున్నాక, ఇంక ఎవరిచేత మాలీష్ చేయించుకోవాలి? ఎవరి ముందు చొక్కా విప్పాలి? కడెం పోయినా పోయిందిగానీ మళ్లీ ఎవరినీ నమ్మే పని పడకూడదని కూర్చున్నాడు.

అలా కూర్చున్నవాడి ఇంటికి గురువారం మధ్యాహ్నం ఒక మనిషి వచ్చాడు.

దేవవ్వ వాకిట్లో రాట్నం ముందు కండెలు చుడుతున్నది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని పర్శరాములు చీర కొంగు నేస్తున్నాడు. గుమ్మంలో వెలుతురు ఆగిపోవడంతో తలెత్తాడు. దూలానికి తల తగలకుండా వంగి లోపలికి చూస్తున్నాడు కొండల్.

"ఎవలు బిడ్డా? ఎండల వచ్చినవ్, మంచినీళ్లు తాగు," అని చెంబు అందించింది దేవవ్వ. ఆమెకు మనిషి తెలియదు. కొండల్ చెంబెడు నీళ్లూ ఒక్క గుక్కలో తాగి, చెంబు బోర్లించి పెట్టి, లోపలికి చేతులు జోడించాడు.

"రాంరాం పర్శదాదా."

దాదా అంటే అన్న. ఇచ్చోడ వైపు అందరూ అలాగే పిలుస్తారు. పర్శరాములు చేతిలో మగ్గం తాడు అలాగే ఉండిపోయింది.

"రుమాల్ పంపినోడు ఇంటికి రావొద్దు. రివాజు ఎర్క లేదా?"

"ఎర్కే. అయినా వచ్చిన. నువ్వు రుమాల్ ఎందుకు ఎత్తుతలేవ్?"

"నా ఇష్టం. రేపు జుమ్మా. కడెం నీకే వస్తది, తీస్కపో."

"నాకు కడెం వద్దు దాదా." కొండల్ గుమ్మంలోనే చతికిలపడ్డాడు. అంత మనిషీ మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే తప్పు చేసి వచ్చిన పిల్లవాడిలా ఉన్నాడు. "కడెం వస్తది, ఇజ్జత్ రాదు. మా ఊర్ల నన్నేమంటున్నరో ఇన్నవా? కొండల్ పైసలు దిని పండిండు అంటున్నరు. మా అవ్వ నీళ్లకు పోతే బాయి కాడ ఆడోళ్లు మొఖం తిప్పుకుంటున్నరు. నాకు కావాల్సింది నీతోని ఇంకొక్క పట్టు. మంచిగ, అందరి ముందట. నువ్వు పండవెట్టినా సరే, నేను పండవెట్టినా సరే."

పర్శరాములు మగ్గం గుంటలోంచి కాళ్లు తీసుకుని పైకి వచ్చి కూర్చున్నాడు. రెండేళ్లుగా గొంతులో అడ్డం పడ్డ మాట ఇప్పుడు బయటపడింది.

"ఎందుకిడిచినవ్?"

కొండల్ కాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"నా చేతికి తెలిసింది దాదా. తిప్పుతుంటే భుజంల బొక్క జారింది. తలుపు ఊడి చేతికొచ్చినట్టయింది. ఇంకింత తిప్పితే నువ్వు మళ్లా గీ మగ్గం మీద కూసుండకపోదువు. నేను కుస్తీ పట్టెటోన్ని. చేతులు ఇరగ్గొట్టెటోన్ని కాదు. ఇడిచిన." కొంచెం ఆగి, నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. "నువ్వేమో జర గూడ ఆగలే. పండవెట్టినవ్."

రాట్నం చప్పుడు ఆగిపోయింది. దేవవ్వ వింటున్నది. పర్శరాములు ముఖం సిగ్గుతో ఎర్రబడింది. కానీ సిగ్గుపడే తీరిక కూడా అతనికి లేదు, అడగవలసింది ఇంకా ఉంది.

"ఎడమ భుజం అని నీకు చెప్పింది షరీఫే గద?"

"షరీఫా?" కొండల్ అదోలా చూశాడు. "కాదు దాదా. మా అవ్వ మీద ఒట్టు. నాకు భుజం పేరు ఎవ్వలు చెప్పలే."

"మరి దాని మీదికే ఎట్లొచ్చినవ్?"

"దంగల్ నాడు పొద్దుగాల మా డేరా కాడికి ఒకడు వచ్చిండు. తెల్వని మనిషి. 'ఉస్తాద్ మట్టి పెట్టేటప్పుడు చూస్కో, ఏ భుజానికి పెడ్తే గా భుజం పట్టు' అన్నడు. గంతే, మాట చెప్పి పోయిండు. నీ జోరంతా గా భుజంలనే ఉన్నదేమో, దాన్ని ముందుగాల అలసగొట్టుమంటున్నడేమో అనుకున్న. చెడిపోయిన భుజమని తెలిస్తే నేను పట్టుదునా?"

పర్శరాములు మళ్లీ అడగలేదు. అడగవలసిన అవసరం లేకపోయింది.

ఏ తాలీంలోనైనా దంగల్‌కు దిగే శిష్యుడి భుజానికి ఉస్తాద్ తన చేత్తో పిడికెడు మట్టి రాస్తాడు. ఆ మట్టి పడితేనే మట్టిలోకి అడుగు పెట్టాలి. కరీంనగర్ తాలీంలో అది కుడి భుజానికి. పర్శరాములుకు ఊహ తెలిసినప్పటి నుంచి కుడి భుజానికే. ఆనాడు మాత్రం ఉస్తాద్ చెయ్యి ఎడమ భుజం మీదికి వచ్చింది. చల్లగా, మెల్లగా, రోజూ కంటే ఎక్కువసేపు రాసింది. దెబ్బతిన్న భుజం కదా, దానికే దీవెన ఎక్కువ కావాలని పెట్టాడనుకున్నాడు పర్శరాములు. అంతమంది జనంలో ఆయన వైపు చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టి మరీ దిగాడు.

ఆ చెయ్యి ఆయనది. ఇంకొకరు పెట్టడానికి వీల్లేదు.

ఆ ఉస్తాద్ పరాయివాడా? పోలీస్ యాక్షన్ రోజుల్లో ఊళ్లో ఎవరు ఎవర్ని ఏం చేస్తారో తెలియనప్పుడు, పర్శరాములు తండ్రి దశరథం ఆయన్ని ఇదే మగ్గం గుంటలో దాచి, పైన పడుగు పరిచి, ఆ పడుగు మీద ఏమీ ఎరగనట్టు నేత నేశాడు. దేవవ్వ తమ జొన్న గటక ఆయనకు పెట్టి తాను గంజి తాగింది. దశరథం పోయినప్పుడు పాడెకు నాలుగో భుజం పట్టింది అజీముద్దీనే. ఈ ఇంటికీ ఆ మనిషికీ మధ్య దాపరికం అనే మాటే లేదు.

"కొడుకా," అంది దేవవ్వ మెల్లగా. "షరీఫ్‌గాడు దినే కంచం గా ఉట్టి మీదనే ఉన్నది. నేను తియ్యలే. వాడు గసొంటోడు కాదని నీకు ఎన్నిమాట్ల చెప్పిన?"

పర్శరాములు చొక్కా వేసుకోకుండానే బయటికి నడిచాడు. వెనకాలే కొండల్ లేచాడు.

తాలీంలో సాయంత్రపు పని నడుస్తున్నది. కుర్రాళ్లు వరసగా దండీలు తీస్తున్నారు. అజీముద్దీన్ ఉస్తాద్ లుంగీ ఎగ్గట్టి, పారతో మట్టి తిరగేసి, మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె కలుపుతున్నాడు. ఆ వయసులోనూ ఆ పని ఇంకొకరికి వదలడు. తాలీం అంతా ఆ వాసనే. పర్శరాములుకు తల్లి కొంగు వాసన తర్వాత తెలిసిన వాసన అది.

"వచ్చినవా బేటా," అన్నాడు ఉస్తాద్ తలెత్తకుండా. "రేపు జుమ్మా. ఎత్తుతలేవని ఖబర్ పంపుదామా?"

"ఉస్తాద్, గా నాడు కుడి భుజానికి పెట్టే మట్టి ఎడమ భుజానికి ఎందుకు పెట్టినవ్?"

పార మట్టిలో దిగి అక్కడే ఉండిపోయింది. దండీలు తీస్తున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఉస్తాద్ గడప దగ్గర నిలబడ్డ కొండల్‌ను చూశాడు, తర్వాత పర్శరాములును చూశాడు.

"గా పోరడు చెప్పిండా?"

"కొండల్ నీ పేరే ఎత్తలే. నా భుజానికి ఎర్క."

"పోరగాండ్లను బయటికి పోనీ. తర్వాత మాట్లాడుదాం."

"ఉండనీ. గా నాడు జాతరంతా చూస్తుండగ పెట్టినవ్. ఇయ్యాల గీ పది మంది ముందట చెప్పు."

అజీముద్దీన్ బుకాయించలేదు. ఆ ఒక్క గౌరవం ఆయనకు ఇవ్వాలి. చేతుల మట్టి లుంగీకి తుడుచుకుని, తన ముక్కాలిపీట మీద బరువుగా కూర్చున్నాడు.

"అవు బేటా. మనిషిని పంపింది, మట్టి పెట్టింది నేనే."

ఇంతసేపూ ఏదో ఒక మూల, కాదంటాడేమో అన్న ఆశ పర్శరాములుకు ఉండింది. అది పోయింది. కోపం రాలేదు. "ఎందుకు?" అని మాత్రం అడిగాడు.

"నీ బాపు సచ్చిపోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని ఏమన్నడు? 'వీనికి కుస్తీ నేర్పినవ్, మంచిదే ఉస్తాద్. చేతులు మాత్రం మగ్గానికి మిగిలేటట్టు చూడు' అన్నడు. నేను జబాన్ ఇచ్చిన. తర్వాత నీ భుజం జారింది. ఎక్కించిన. మళ్లా జారింది. చాలు బేటా, ఇగ ఇడువు అన్న. ఇన్నవా? కడెం, కడెం అన్నవ్. చెయ్యి పడిపోయి, మసీదు మెట్ల కాడ కూసున్న పహిల్వాన్లను నేను చూసిన. నువ్వు చూడలే." ఉస్తాద్ గడప వైపు చెయ్యి చూపించాడు. "గీ కొండల్ సాఫ్ మనిషి. ఇరగ్గొట్టడని నాకు తెలుసు. ఒక్క పట్టుల పండవెట్టి లేస్తడు. ఒక్కసారి ఓడితే నువ్వే సిగ్గుపడి ఇడిచిపెడ్తవ్, చేతులు మిగుల్తయ్ అనుకున్న."

"నాతోని ఒక్క మాట అనొద్దా?"

"అంటే ఓడెటోనివా?"

"కాదు. ఓడుడు నువ్వు నాకు ఎన్నడు నేర్పలే." పర్శరాములు మట్టి గట్టు మీదికి ఎక్కాడు. "నన్ను ఓడగొట్టే హక్కు నీకున్నది ఉస్తాద్. మట్టిల దిగి, నా ఎదుటికొచ్చి ఓడగొట్టు. దీవెన పెడుతున్నట్టు పెట్టి అమ్ముడేంది? నేను నీ కాళ్లు మొక్కిన. గా నాడు నీ కాళ్లు మొక్కి దిగిన!"

ఉస్తాద్ తల వంచుకున్నాడు. కుర్రాళ్లలో ఒకడు ఏడుపు ఆపుకోలేక అటు తిరిగాడు.

"సరే," అన్నాడు పర్శరాములు. "బాపుకు ఇచ్చిన మాట కోసం చేసినవ్ అనుకుంట. నా మేలుకే చేసినవ్ అనుకుంట. మరి షరీఫ్?"

ఆ పేరు వినగానే అజీముద్దీన్ కళ్లు మూసుకున్నాడు.

"గీ గడప కాడ వాని గల్ల పట్టి నేను నూకుతుంటే నువ్వు గదే పీట మీద కూసున్నవ్. వాడు నీ దిక్కు చూసిండు. 'ఉస్తాద్, నువ్వన్న చెప్పు' అన్నడు. నువ్వు తస్బీ పూసలు తిప్పుకుంట కూసున్నవ్. 'వాడు కాదు, నేను' అని ఒక్క ముక్క అంటే ఏం పోవు?"

"అంటే నువ్వు నా మొఖం చూడకపోదువు," అన్నాడు ఉస్తాద్, వినీ వినపడనట్టు.

"గదీ. గిది బాపు మాట కోసం కాదు ఉస్తాద్. గిది నీ కోసం."

నిజానికి పర్శరాములుకు తన మాట తనకే తగిలింది. షరీఫ్ ఒట్టేస్తానంటే విననిది ఉస్తాద్ కాదు, తను. మాలీష్ చేసిన చేతుల్ని నమ్మక, మట్టి పెట్టిన చేతిని నమ్మాడు. మోసపోయినందుకు ఎంత ఏడుపు వచ్చిందో, తను చేసినదానికి అంతకంటే ఎక్కువ వచ్చింది.

గట్టు మీద వంగి గులకరాళ్లు ఒక్కొక్కటే తీశాడు. ఎర్ర రుమాలు దులిపి, ఊరు ఊరంతా ఎదురుచూసినట్టు కుడి భుజాన వేసుకోలేదు. ఎడమ భుజానికి చుట్టి, పళ్లతో కొస పట్టి బిగించి ముడి వేశాడు.

"చూడుండ్రి," అన్నాడు కుర్రాళ్లతో. "గీ భుజం చెడిపోయింది. జారుతది. పోయి చాయ్ హోటల్ల చెప్పుండ్రి, సాంబయ్యకు చెప్పుండ్రి, ఖానాపూర్ దాక చెప్పుండ్రి. ఇగ గిండ్ల దాచేది లేదు, ఎవ్వలు అమ్ముకునేది లేదు. కొండల్, నీ రుమాల్ ఎత్తిన. ఖానాపూర్‌లనే, గదే మట్టిల."

కొండల్ గడప దగ్గర నిలబడే చేతులు జోడించాడు. సంతోషపడవలసినవాడి ముఖంలో సంతోషం లేదు.

రుమాలు ఎత్తితే కుస్తీ ఖాయమే, కానీ మట్టిలోకి దిగాలంటే తన తాలీం మట్టి భుజాన పడాలి. అందరి చూపులూ ముక్కాలిపీట వైపు తిరిగాయి. అజీముద్దీన్ లేవలేదు.

"నేను పెట్ట బేటా. గా చెయ్యితోని పట్టు పడ్తే నీ చెయ్యి ఉండది. దశరథంకు రేపు పైన ఏం జవాబియ్యాలె? నేను పెట్ట. నేను పెట్టకపోతే నువ్వు దిగలేవు."

"నీ మట్టి నాకూ వద్దు," అన్నాడు పర్శరాములు. "ఉస్తాద్ లేని కాడ జోడీ పెట్టొచ్చు. గీ రివాజు చెప్పింది నువ్వే. నా జోడీ సచ్చిపోలే. పొద్దుగాల బస్సుకు మంథని పోత. షరీఫ్ కాళ్లు పట్టుకుంట. వాడు తన్నినా సరే, ఉమ్మినా సరే, గా చెయ్యితోనే మట్టి పెట్టించుకుంట."

అన్నాక అతనికి ప్రాణం కొంచెం తేలికపడింది. ఉట్టి మీద కంచం ఉంది. షరీఫ్‌కు కోపం ఎక్కువ, అది దిగడమూ అంతే తొందర. వాళ్లిద్దరి మధ్యా ఏ గొడవా ఒక పూట దాటి నిలవలేదు, ఈ ఒక్కటి తప్ప. తల్లిని వెంట తీసుకుపోతే కాదనడు.

"దాదా," అన్నాడు కొండల్.

ఆ పిలుపులో ఏదో తేడా ఉంది. పర్శరాములు తిరిగి చూశాడు.

"మంథని పోకు. షరీఫ్‌భాయ్ ఆడ లేడు."

"మరేడున్నడు?"

"మా ఇచ్చోడ తాలీంల. ఏడాదాయె వచ్చి." కొండల్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "నాకు మాలీష్ చేసేది ఆయెనే. ఇప్పుడు నా జోడీ ఆయెనే. మట్టి ముచ్చట నేను చెప్తుంటే ఇని, గది ఎవ్వల చెయ్యో ముందుగాల పట్టింది గూడ ఆయెనే. 'పోయి పర్శకు చెప్పు, చెప్పి ఎవ్వలు దొంగనో ఎర్క చెయ్యి. వాడు రుమాల్ ఎత్తేదాక మాత్రం నా పేరు ఎత్తకు' అని పంపిండు."

"వాడే పంపిండా?" పర్శరాములు ముఖం వెలిగింది. "మరి ఇంకేం? వస్తడు. నా కోసం వస్తడు."

"రాడు దాదా." కొండల్ ఇప్పుడు తలెత్తాడు. "ఖానాపూర్‌ల నా భుజానికి మట్టి పెట్టేది ఆయెనే. నీ ఎడమ చెయ్యి ఏ దిక్కు తిప్పితే ఎంతల ఊడుతదో నాకంటె ఆయెనకే ఎర్కన్నడు, నాకు నేర్పుతనన్నడు. నేను వద్దన్న. కాళ్లు పట్టుకొని వద్దన్న, ఇనలే. 'చెయ్యని పనికి దొంగనైన. ఇగ గా పని చేస్త' అన్నడు."

పర్శరాములు చెయ్యి భుజం మీది ముడి దగ్గరికి పోయింది. పళ్లతో బిగించిన ముడి. విప్పుదామన్నా ఒంటి చేత్తో ఊడి వచ్చేలా లేదు.